రెండణాల రాణి

చిన్న ఈరన్న మూడు రోజులుగా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. జ్వరం లేదు, కడుపునొప్పి లేదు. జొన్నరొట్టె పెడితే తింటున్నాడు, ఇంకోటి పెడితే అదీ తింటున్నాడు, తిని మళ్ళీ గోడవైపు తిరుగుతున్నాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో సిద్దమ్మకు భర్త రోగం కొత్తదేమీ కాదు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ఇంకో నాటకం మేళంలోని ఆడవేషానికి చప్పట్లు ఎక్కువ పడ్డాయని తెలిస్తే చాలు, ఇది వచ్చేస్తుంది. ఈసారి మాత్రం ఒక కాగితం ముక్క వల్ల వచ్చింది.

బూదిదొడ్డికీ, తుంగభద్ర పక్కన ఉన్న ఇంకో నలభై ఊళ్ళకీ రాణి అంటే చిన్న ఈరన్నే. పగలు నాలుగెకరాల వేరుశనగ చేను చూసుకునే మనిషి, రాత్రి నాటకంలో చీర కట్టి నిలబడితే, కుచ్చెళ్ళు ఎట్లా పెట్టుకోవాలో నేర్చుకోవడానికి కొత్తకోడళ్ళు ముందు వరసలో కూర్చునేవాళ్ళు. ఆ చీర సిద్దమ్మది. ముక్కెర కూడా సిద్దమ్మదే. నాటకం ఉన్న రోజు ఆమె బోసిముక్కుతో తెర పక్కన కూర్చుని, ఈరన్న మరిచిపోయిన పద్యం అందించేది.

సిద్దమ్మ తమ్ముడు నారాయణ ఆ ఊరి బడిపంతులు. బడిలోనే ఒక మూల బల్ల వేసి పోస్టాఫీసు కూడా నడుపుతాడు. పాటలు కట్టి పాడినవాళ్ళ బొమ్మలతో సర్కారు స్టాంపులు వేసి ఏడాది దాటింది గానీ, బూదిదొడ్డిలో పాతవి అయిపోతే కదా కొత్తవి వచ్చేది. వచ్చిన రోజు నారాయణ సంబరంగా ఒకటి తీసి బావకు చూపించాడు.

"ఎవరప్పా ఈమె?" అన్నాడు ఈరన్న.

"పాటలు పాడుకున్న భక్తురాలు బావా."

"పాటలు పాడితే స్టాంపు వేస్తారా?"

"శానా గొప్పగా పాడితే వేస్తారు."

అంతే. ఈరన్న ఇంటికొచ్చి గోడవైపు తిరిగాడు.

నాలుగో రోజు సిద్దమ్మ రొట్టెల పెనం దించి, అతని వీపుతో మాట్లాడింది. "ఏమయ్యా, ఆయమ్మ దేవుని కోసం పాడింది. నువ్వు సంచి వేరుశనగకు పాడితివి. సర్కారుకు ఆ తేడా తెలియదా?"

"ఆమెను ఎంతమంది చూసింటారు? నన్ను నలభై ఊళ్ళు చూసినాయి," అని గోడ సమాధానమిచ్చింది.

నారాయణ వచ్చి నచ్చజెప్పబోయాడు. "బతికుండేవాళ్ళకు వేయరు బావా. సచ్చిపోయినవాళ్ళకే."

"సచ్చినాక నేనెట్ల చూసుకుంటానప్పా?"

దానికి జవాబు పుల్లయ్య దగ్గర ఉంది. పుల్లయ్య వేరుశనగ వ్యాపారి, మేళంలో రాజువేషం కూడా అతనిదే. పదిహేనేళ్ళుగా ఈరన్నను పెళ్ళాడుతూ, అడవులకు పంపుతూ, మళ్ళీ తెచ్చుకుంటూ ఉన్నవాడు. రెండు నెలల కింద మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. పుల్లయ్య కర్నూలు పోయినప్పుడల్లా, డేరాల్లో ఆఫీసులు చూసి వచ్చి, రాష్ట్రాన్ని తానే తెచ్చినట్టు మాట్లాడుతున్నాడు.

"రాష్ట్రం మనదైనాక స్టాంపు మనది కాదా?" అన్నాడు. "ఏటికి ఆ పక్క మొన్నమొన్నటిదాకా నిజాం స్టాంపులు లేవా? ఆయన వేసుకుంటే లేని తప్పు మనం వేసుకుంటే వచ్చిందా?"

నారాయణ అప్పుడు అక్కడ లేడు. ఉండుంటే ఈ కథ లేదు. సిద్దమ్మకు పుల్లయ్య మాట మీద సగమే నమ్మకం కుదిరింది, కానీ మంచం మీది మనిషిని లేపడానికి సగం చాలు. భర్త పెట్టెలోంచి రాణి వేషంలో తీయించుకున్న ఫొటో తీసి, ఎవరికీ చెప్పకుండా పుల్లయ్య చేతిలో పెట్టింది. "ఇంట్లో అంటించుకునేదానికి ఒక పది చిన్నవి అచ్చేయించుకుని రా అన్నా."

పుల్లయ్య పదితో ఆగే మనిషి కాదు. కర్నూల్లో పెళ్ళిపత్రికలు వేసే ఒకాయన దగ్గర పన్నెండు కాగితాల నిండా రాణులను అచ్చు వేయించుకొచ్చాడు. ధర లేని స్టాంపు స్టాంపులా కనపడదని రాణి పాదాల కింద 'రెండణాలు' అని పెట్టించాడు. తల మీద, కిరీటానికి కొంచెం పైన, 'ఆంధ్ర రాష్ట్రం' అని పెట్టించాడు.

"చిల్లులు ఏవి?" అంది సిద్దమ్మ చూసి. చిల్లులు లేని స్టాంపు ఎక్కడైనా ఉంటుందా?

చిల్లుల పని కృపమణికి పోయింది. చర్చి పక్కన మిషను పెట్టుకుని ఊరందరి రవికలూ కుట్టే మనిషి. ఆమె సూదిలోంచి దారం లాగేసి, కాగితం కింద పెట్టి, రాణికీ రాణికీ నడుమ గడగడా తొక్కింది. తీసి వెలుతురుకు పట్టుకుంటే చుక్కచుక్కగా వెలుగు కారుతోంది. "రవిక కన్నా ఇది నయం సిద్దమ్మా. చంక కింద బిగుసుకుందని ఎవరూ తిరిగిరారు," అంది. వెనకవైపు తుమ్మబంక నానబెట్టి పూసి ఎండలో ఆరేశారు.

ఆ సాయంత్రం ఈరన్న లేచాడు. లేచి ముఖం కడుక్కుని, ఒక రాణిని చించి, ఇంకో రాణిని చించి, మర్నాటికి ఊరంతా పంచాడు. "నాలుకతో తడపొద్దు, నీళ్ళతో తడుపుకోండి," అని ఒక్కొక్కరికీ చెప్పాడు. ఆడవాళ్ళు పెట్టెమూతల మీద, గోడల మీద, తలుపు వెనక అంటించుకున్నారు. అంతవరకూ ఎవరికీ నష్టం లేదు.

సరిగ్గా అప్పుడే నారాయణ పంతుళ్ళ శిక్షణ అని మూడు రోజులు ఆదోని పోయాడు. తమ్ముడు పాఠం చెప్పేటప్పుడు పోస్టు బల్ల దగ్గర కూర్చునేది సిద్దమ్మే కాబట్టి, తాళంచెవి ఆమెకే ఇచ్చి పోయాడు. డబ్బా తెరిస్తే మూడు కవర్లు ఉన్నాయి. మూడింటి మీదా సర్కారు స్టాంపు లేదు, రాణి ఉంది. ఒకటి పుల్లయ్య ఆదోని వ్యాపారికి రాసింది. ఒకటి కృపమణి కడపలోని చెల్లెలికి రాసింది. మూడోది ఈరన్నది. అది ఆలూరులో ఉండే ఇంకో మేళం రాణికి. లోపల తెల్లకాగితం తప్ప ఏమీ లేదని సిద్దమ్మకు తర్వాత తెలిసింది. ఆ మనిషి లోపల చదవాల్సిన పని లేదని, పైన చూస్తే చాలని ఈరన్న ఉద్దేశం.

తపాలా సంచి మోసే ఏసేపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సిద్దమ్మ ముద్ర సిరాలో అద్ది ఎత్తింది. స్టాంపు మీద ముద్ర ముఖం మీదనే పడాలి. నల్లగా, గట్టిగా పడాలి. ఆమె చెయ్యి గాలిలో ఆగింది. మళ్ళీ అద్దింది, మళ్ళీ ఆగింది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఏసేపు.

"ఏమీ లేదు, పట్టు కుదరడం లేదు," అంది. తాళి కట్టినవాని ముఖాన మసి కొట్టడం ఎట్లా? కవరు తిరగేసి, వెనకవైపు మూడింటికీ చక్కగా, తేదీ కూడా చదవడానికి వీలుగా ముద్ర వేసి, సంచిలో పెట్టింది.

నారాయణ తిరిగొచ్చిన మర్నాడే ఏసేపు పై ఆఫీసు నుంచి కబురు తెచ్చాడు. మూడు కవర్లూ అక్కడే పట్టుకున్నారు. వాటిని తీసుకుని ఇన్‌స్పెక్టరు రేపు మధ్యాహ్నం బండిలో వస్తున్నాడు. దొంగ స్టాంపుల కేసట. పంతులుకు పోస్టాఫీసు పోవడం ఖాయమనీ, బడి కూడా పోవచ్చనీ అక్కడ గుమాస్తాలు అనుకుంటున్నారట.

నారాయణ అక్క ఇంటికి వచ్చి పెరట్లో రుబ్బురోలు మీద కూలబడ్డాడు. "ముఖం మీద గట్టిగా ఒక్కటి కొట్టింటే మసిలో ఎవడూ చూసింటాడు కాదక్కా. ముద్ర లేదనే కదా వాళ్ళు కండ్లద్దాలు పెట్టుకుని చూసింది."

"మొగుని ముఖానికి మసి పూస్తే ఊరు ఏమంటాది?"

"ఇప్పుడు నా ముఖానికి పూస్తారు. దాన్ని ఏ నీళ్ళతో కడిగేది?"

తల్లి పోయినాక ఈ తమ్ముణ్ణి సిద్దమ్మే ఎత్తుకు పెంచింది. ఈ ఊరికి బడి ఇప్పించుకున్నదీ, బల్ల వేయించిందీ ఆమె తిరిగిన తిరుగుళ్ళ వల్లనే. రాణి అచ్చు కూడా తన చేతి మీదుగానే పోయింది. వాడి పని పోతే అది తాను తీసినట్టే.

ఆమె అడిగింది: "స్టాంపు కాకుండా, బొమ్మ ఉండి, ధర ఉండి, చిల్లులుండేది ఇంకేముండాది నారాయణా?"

నారాయణ ఆలోచించాడు. "టికెట్టు."

"నాటకానికి?"

"నాటకానికి ఉండొచ్చు."

"అయితే టికెట్టే. నాటకం వచ్చే నెల అని చెప్పు. మీ బావకు మటుకు ఈ మాట తెలియనీయొద్దు."

ఇన్‌స్పెక్టరు సన్నగా, గొడుగంత నిటారుగా ఉన్నాడు. వెంట ఒక బంట్రోతు, ఒక బండివాడు. బడి అరుగు మీద కుర్చీ వేస్తే, కూర్చోకముందే మూడు కవర్లూ బల్ల మీద పరిచాడు. సిద్దమ్మ, కృపమణి, పుల్లయ్య గోడ పక్కన నిలబడ్డారు.

"ఎవరీ స్త్రీ?" అన్నాడు రాణిని చూపించి. తర్వాత సిద్దమ్మ వైపు చూశాడు. "మీరేనా?"

"ముక్కెర మటుకే నాది సార్."

నారాయణ అవి నాటకం టికెట్లనీ, చదువు రానివాళ్ళు తెలియక కవర్ల మీద అంటించారనీ, తాను ఊళ్ళో లేననీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"టికెట్టుకు చిల్లులెందుకు?"

"చించేటప్పుడు వంకర పోకుండా సార్," అంది కృపమణి. "నా మిషనుదే ఆ కుట్టు."

"ఆంధ్ర రాష్ట్రం అని ఎందుకు?"

"రాష్ట్రం వచ్చిన సంతోషానికి ఆడే నాటకం సార్," అన్నాడు పుల్లయ్య. ఆ మాట అన్నాక ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు ఒక కవరు ఎత్తి రాణి అంచును గోటితో గీకాడు. "మరి వెనక బంక ఎందుకు? ఏ ఊళ్ళో టికెట్టుకు బంక పూస్తారు?"

పుల్లయ్య ఛాతీ వెనక్కి పోయింది.

"మా ఆడోళ్ళు కొంగున కట్టుకొని పారేసుకుంటాండారు సార్," అంది సిద్దమ్మ నిదానంగా. "నుదుటికి అంటించుకుంటే యాడికీ పోదు. చంకలో బిడ్డ ఉన్నా, చేతిలో చెంబు ఉన్నా, లోపలికి రావచ్చు."

ఇన్‌స్పెక్టరు మీసం ఒక పక్కన కదిలింది. "బాగుంది. నాటకం ఎప్పుడు?"

వచ్చే నెల అనడానికి నారాయణ నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీసి, ఆ జవాబు కోసమే కాచుకుని ఉన్నట్టు కనిపించాడు. వచ్చే నెల అంటే అబద్ధమని రాసుకోవడమే తరువాయి.

"ఈ దినమే సార్," అంది సిద్దమ్మ.

"నాకు ఆరు గంటలకు రైలుంది."

"అందుకే మూడు గంటలకు పెట్టుకున్నాం."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. "అయితే చూసే పోతాను," అని కుర్చీలో కూర్చున్నాడు.

సిద్దమ్మ బడి గడప దాటేదాకా నడిచింది, దాటినాక పరిగెత్తింది. కృపమణి ఒక వీధికి, ఏసేపు ఒక వీధికి పోయి, ఎవరి ఇంట్లో రాణి ఉన్నా ఊడబెరుక్కుని నుదుటికి అంటించుకుని మూడు గంటలకు బడి దగ్గరికి రమ్మని చెప్పారు. పుల్లయ్య కళ్ళం నుంచి జొన్నచొప్ప తోలించి బడి ముందర దడి కట్టించాడు.

ఈరన్న సంగతంతా విని మంచం మీద లేచి కూర్చున్నాడు. "నేను టికెట్టా?"

"అవును."

"ఊరంతా స్టాంపని పంచినాను. ఆలూరుకు పంపినాను. ఇప్పుడు టికెట్టని నా నోటితో చెప్పాల్నా? అదీ రెండణాలకు? పట్టపగలు? ఎండలో నా గడ్డం కనపడదా సిద్దమ్మా? ఇరవై ఏండ్లలో నా వేషం సూర్యుడు చూడలేదు."

"నారాయణ పని పోతాది."

"పోతే చేన్లో పెట్టుకుందాం."

"వానికి కలుపుకూ శనగకూ తేడా తెలియదు." సిద్దమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. "చూడు. స్టాంపు కొన్నోడు ఏం చేస్తాడు? ఉత్తరానికి అంటించి పంపేస్తాడు. నీ ముఖం మల్ల చూడడు. చూసేది ఆ ముద్ర కొట్టేవాడు, వాడూ కొట్టేదానికే చూస్తాడు. టికెట్టు కొన్నోడు నిన్ను చూసేదానికే వస్తాడు. ఆ భక్తురాలి స్టాంపు ఇన్ని వేల మంది కొన్నారు కదా, ఆమె పాట ఒక్కడన్నా విన్నాడా?"

ఈరన్న చాలాసేపు గడ్డం తడుముకున్నాడు.

"వినలేదు," అన్నాడు చివరికి. "కత్తి యాడుంది? రెండుసార్లు గీసుకోవాల."

మూడు గంటలకు బడి ముందర జనం వరసకట్టారు. ప్రతి నుదుటి మీదా ఒక రాణి ఉంది. బొట్టు ఉన్న నుదురుకు బొట్టు పైన, లేని నుదురుకు నడిమధ్యన. తలుపు వెనక గట్టిగా అంటించుకున్న ముసలి జీవమ్మ రాణితో పాటు ఒక చెక్కపేడు కూడా ఊడబెరికి తెచ్చి, అది నుదుటికి నిలవక చేత్తో అదిమి పట్టుకుంది. పెట్టెమూత నుంచి రానివాళ్ళు మూతలే నెత్తిన పెట్టుకొచ్చారు. ఇన్‌స్పెక్టరు గొడుగు కింద నిలబడి ఒక్కొక్క నుదురునూ చూస్తున్నాడు.

దడి సందు దగ్గర సిద్దమ్మ నిలబడింది. ఒక్కొక్కరి నుదుటి మీది రాణిని తీసి, నిలువునా చించి, పక్కనున్న నీళ్ళ గంగాళంలో వేసి లోపలికి పంపుతోంది. మొదటిది చించేటప్పుడు కళ్ళు మూసుకుంది. పదోదానికి చించుతూనే ఎవరి బిడ్డకు దగ్గు తగ్గిందో అడుగుతోంది.

వరస అయిపోయాక ఇన్‌స్పెక్టరు, బంట్రోతు, బండివాడు మిగిలారు. ఇన్‌స్పెక్టరు లోపలికి అడుగు వేయబోతే సిద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"టికెట్టు సార్."

"నేను సర్కారు మనిషినమ్మా."

"తమ చేతిలో మూడు ఉండాయి కదా. తమరు ముగ్గురే ఉండారు."

ఇన్‌స్పెక్టరు కవర్ల వైపు చూసుకున్నాడు. "ఇవి కేసు కాగితాలు. ఫైలుకు కావాలి."

"ఇవి టికెట్లు కావు, స్టాంపులే అంటే చెప్పండి సార్, బయటనే కుర్చీ వేయిస్తా. టికెట్లే అంటే ఇయ్యండి. టికెట్టు లేకుండా పంపితే ఈ జనం రేపు నన్ను బతకనీయరు."

లోపల హార్మోనియం మొదలైంది. దడి సందుల్లోంచి వంద మంది ఇటే చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు మీసం మళ్ళీ ఒక పక్కన కదిలింది. ఒక కవరు ఆమె చేతికిచ్చాడు. తర్వాత బంట్రోతు కోసం ఒకటి, బండివాని కోసం ఒకటి. సిద్దమ్మ కవరు మూల తడిపి రాణిని ఒలిచి, కవర్లు ఆయనకు తిరిగిచ్చి, మూడు రాణులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి చించింది. గంగాళంలో తుమ్మబంక తేలి నీళ్ళు గంజిలాగా అయ్యాయి.

పట్టపగటి ఎండలో రాణి వేదిక ఎక్కగానే ఒక మూల నుంచి నవ్వు వచ్చింది. రెండుసార్లు గీసినా దవడ నల్లగానే ఉంది, పౌడరు చెమటకు చారలు కట్టింది. ఈరన్న ఆగి, కొంగు నెత్తిన కప్పుకుని, పైకి చూసి, "అంతఃపురంలోకి ఇట్ల తొంగి చూసేదానికి నీకు సిగ్గు లేదా సూర్యుడా? మా రాజుకు చెప్తా ఉండు," అన్నాడు. అది ఏ పద్యంలోనూ లేదు. రాజు పుల్లయ్య అది విని తన వంతు మరిచిపోయాడు. ఆ తర్వాత దవడ సంగతి ఎవరికీ గుర్తు లేదు. అడవిలో రాణి ఏడ్చేటప్పుడు బండివాడు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గొడుగు మూసి ఒళ్ళో పెట్టుకుని, వెనకవాళ్ళకు అడ్డం రాకుండా ఒంగి కూర్చుని చూశాడు.

అయిదు గంటలకు బండి కట్టారు. ఇన్‌స్పెక్టరు మోకాలి మీద పలక పెట్టుకుని నాలుగు వరసలు రాసి, నకలు ఒకటి నారాయణ చేతికిచ్చాడు. చిరిగిన మూలలతో ఉన్న మూడు కవర్లూ బల్ల మీద పెట్టాడు. "వీటికి అసలు స్టాంపులు అంటించి పంపండి. ముద్ర ముందువైపు వేయండి," అని సిద్దమ్మ వైపు చూడకుండా అన్నాడు.

బండి కదిలాక నారాయణ అరుగు మీద కూర్చుని కాగితం చదివాడు. "'విచారించగా, సదరు కాగితములు స్థానిక నాటకమునకు సంబంధించిన ప్రవేశ పత్రములని రుజువైనది. గ్రామస్థుల అజ్ఞానమే కారణము. బ్రాంచి పోస్టుమాస్టరు దోషి కాడు.' అంతే అక్కా. నా పేరు కూడా ఎత్తలేదు."

సిద్దమ్మ గోడకు జారగిలబడి కళ్ళు మూసుకుంది. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదన్నది అప్పుడు గుర్తొచ్చింది.

ఈరన్న చీర విప్పకుండానే వచ్చి నిలబడ్డాడు. ముఖాన పౌడరు సగం ఉంది, సగం లేదు. "నా సంగతి ఏం రాసినాడు చదువు."

"ఇదే బావా. స్థానిక నాటకం అని."

"రాణి ఎవరని రాసినాడు?"

నారాయణ కాగితం తిరగేసి చూశాడు. "రాయలేదు. అయినా మంచిదే కదా. పేరుంటే కేసుకు..."

"నలభై ఊళ్ళ మనిషిని పట్టపగలు ఆడిస్తిరి. సర్కారు కాగితంలో పేరు లేకుండా పోతాదా?" అని ఈరన్న కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని బండి పోయిన వైపు అడుగు వేశాడు. "ఆపండప్పా ఆ బండిని. చిన్న ఈరన్న అని రాయించుకుని వస్తా."

బండి ఇంకా ఊరి చివరి చింతచెట్టు దాటలేదు. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది.

సిద్దమ్మ లేచి వచ్చి, అది తన పెళ్ళినాటి పట్టుచీరే అయినా, వెనక జీరాడుతున్న అంచు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది. రాణి ముందుకు లాగింది. చీర ఎక్కడో పర్రుమంది. బండి మలుపు తిరిగి, ఎద్దుల గంటలు వినపడకుండా పోయేదాకా సిద్దమ్మ కాలు తీయలేదు.